చెత్త నేలలో నాణెం ఎలా దొరుకుతుంది? మెటల్ డిటెక్టర్ కొనేముందు ఇది తెలుసుకోండి

ఈ రోజు ఎపిసోడ్‌లో మెటల్ డిటెక్టర్ గురించి మాట్లాడుకుందాం. గుప్తనిధుల గురించి కాదు, ఆ ముక్క ముందే చెప్పేస్తున్నా. ఒక గడప కింద పెట్టిన రెండు రూపాయి బిళ్ళల గురించి.

నేను ఉండేది అమీర్‌పేట, పని చేసేది పంజాగుట్ట. మధ్యలో మెట్రో ఒక్క స్టాప్. మా గల్లీలో ఒక పాత ఇల్లు ఉండేది. 1976లో కట్టిందట. అపార్ట్‌మెంట్ కోసం దాన్ని కూల్చేశారు. ఆ ఇంటి పెద్దమ్మ ఒక శుక్రవారం సాయంత్రం నన్ను పిలిచింది. "బిడ్డా, దర్వాజ నిలబెట్టేటప్పుడు మా ఆయన గడప కింద రెండు రూపాయలు పెట్టిండు. ఒకటి మా మామకు నిజాం కాలంల జీతంల వచ్చిన వెండి రూపాయి. ఇంకోటి అప్పటి మామూలు రూపాయి, నా చేతుల నుంచి తీసుకొని పెట్టిండు. నీ దగ్గర మిషన్ ఉందంట గదా, జర చూస్తవా?" అని అడిగింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. సోమవారం పొద్దున బిల్డర్ కాంక్రీట్ పోస్తాడు. అంటే నాకు ఉన్నది శని, ఆదివారాలు.

సరే అన్నా. మెషీన్ ఉంది, చోటు తెలుసు, ఇంకేం కావాలి అనుకున్నా. శనివారం ఆరు గంటలు తిప్పినా. ఒక్క రూపాయి కూడా దొరకలేదు. ఎందుకు దొరకలేదో తెలిస్తే మీరు ఏ మెషీన్ కొనాలో, ఎలా వాడాలో మీకే అర్థమైపోతుంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

మెషీన్ లోపల జరిగేది ఏంటి?

డిటెక్టర్ కింద గుండ్రంగా పళ్ళెంలా ఉండేదాన్ని కాయిల్ అంటాం. అందులో తీగ చుట్టలు ఉంటాయి. ఒక చుట్టలో మారుతూ ఉండే కరెంట్ పోతుంది, దాని వల్ల నేలలోకి మారే అయస్కాంత క్షేత్రం దిగుతుంది. అక్కడ లోహం ఉంటే దానిలో చిన్న చిన్న సుడుల్లా కరెంట్ పుడుతుంది. వాటిని ఎడ్డీ కరెంట్స్ అంటారు. ఆ సుడులు మళ్ళీ సొంతంగా ఒక క్షేత్రాన్ని పుట్టిస్తాయి, దాన్ని కాయిల్‌లోని రెండో చుట్ట పట్టుకుంటుంది. మెట్రో స్టేషన్ గేటులో, మాల్ దగ్గర సెక్యూరిటీ అన్న చేతిలో ఉన్న కర్రలో కూడా మూల సూత్రం ఇదే.

ఇక్కడ అసలు కిటుకు ఉంది. లోహాన్ని బట్టి ఆ జవాబు వచ్చే ఆలస్యం మారుతుంది. పల్చటి అల్యూమినియం రేకు ఒకలా, మందపాటి వెండి రూపాయి ఇంకోలా జవాబిస్తాయి. ఆ తేడానే మెషీన్ ఒక నంబర్‌గా, ఒక శబ్దంగా మార్చి మనకు చెప్తుంది. ఇనుము మాత్రం వేరు. అది అయస్కాంతానికి అంటుకునే లోహం కాబట్టి దాని జవాబు వేరే వైపు పడుతుంది. "ఇనుము వస్తే నాకు వినిపించకు" అని మెషీన్‌కి చెప్పొచ్చు. దీన్నే డిస్క్రిమినేషన్ అంటారు.

మరి మన ఫోన్‌లో మెటల్ డిటెక్టర్ యాప్ ఉంది కదా, అది చాలదా? చాలదు. ఫోన్‌లో ఉన్నది దిక్కులు చూపించే మాగ్నెటోమీటర్. అది చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని మైక్రోటెస్లాల్లో కొలుస్తుంది, అంతే. నేలలోకి ఏమీ పంపదు. దగ్గర్లో పెద్ద ఇనుము ఉంటే చెప్తుంది. వెండి, రాగి, బంగారం పక్కన పెట్టినా కదలదు. ఇప్పుడే ట్రై చేయండి, ఉంగరం పెట్టి చూడండి.

నా శనివారం ఎందుకు వృథా అయ్యింది?

కూల్చిన ఇంటి నేల ఎలా ఉంటుందో ఊహించుకోండి. మేకులు, బైండింగ్ వైరు ముక్కలు, తలుపుల బందులు, సోడా సీసాల మూతలు, మాత్రల షీట్లు. పంజాగుట్టలో నిమ్స్ ఆస్పత్రి చుట్టుపక్కల మట్టి తవ్వితే మాత్రల షీట్లే ముందు వస్తాయి అనిపిస్తుంది నాకు. ఇలాంటి చోట మెషీన్ ప్రతి జానెడుకీ అరుస్తుంది.

నేను ఏం చేశానంటే, విదేశీ వీడియోల్లో చెప్పినట్టు ఇనుమును పూర్తిగా ఆపేసినా. 11 అంగుళాల పెద్ద కాయిల్ వేసినా. మెషీన్ హాయిగా మౌనంగా ఉంది. నేను కూడా హాయిగా నడిచినా. ఇక్కడే దెబ్బ తిన్నా.

పెద్ద కాయిల్ ఒకేసారి ఎక్కువ నేలను చూస్తుంది. దాని కింద ఒక రూపాయి, నాలుగు మేకులు కలిసి ఉంటే అన్నిటి జవాబులూ కలగలిసిపోతాయి. మేకుల జవాబు రూపాయిని మింగేస్తుంది. దీన్ని మాస్కింగ్ అంటారు. ఇనుము శబ్దం ఆపేసి ఉన్నా మేకు అక్కడే ఉంది, మెషీన్ దాన్ని చూస్తూనే ఉంది, మనకు చెప్పట్లేదు అంతే. పైగా ఒక మేకును చూశాక మళ్ళీ కొత్త జవాబు వినడానికి మెషీన్‌కి కాస్త టైం పడుతుంది. ఆ టైంలో కాయిల్ రూపాయిని దాటి వెళ్ళిపోతే ఇక అంతే సంగతి. మౌనం అంటే అక్కడ ఏమీ లేదని కాదు.

ఈ సమస్య ఇప్పటిది కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగితే, శరీరంలో ఉన్న తూటాను వెతకడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ఇలాంటి పరికరమే తెచ్చాడు. తూటా దొరకలేదు. పరుపు కింద స్టీలు తీగలు ఉన్నాయని తర్వాత బెల్‌కి తెలిసింది. వెతికింది కూడా డాక్టర్లు అనుమానపడ్డ వైపే, తూటా ఉన్న వైపు కాదు. చెత్త లోహం పక్కన అసలు లోహాన్ని పట్టడం అనే గొడవ డిటెక్టర్ పుట్టినప్పటి నుంచీ ఉంది.

మన నాణేలు వేరు, వాళ్ళ నాణేలు వేరు

విదేశీ వీడియోలు చూసి కొనేవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఇది. వాళ్ళు "ఇనుము ఆపేయండి" అంటారు, ఎందుకంటే వాళ్ళు వెతికే పాత వెండి, రాగి నాణేలు ఇనుము కావు. మన దగ్గర? ఫ్రిజ్ మీద మాగ్నెట్ తీసి జేబులో ఉన్న చిల్లరకు పెట్టండి. ఒక రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు టక్కున అంటుకుంటాయి. అవి ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీల్. డిటెక్టర్‌కి అవి ఇనుము చుట్టాలే. మెషీన్‌ని బట్టి ఇనుములోకి పడిపోతాయి, లేదా సీసా మూతలా నంబర్ పైకీ కిందికీ గెంతుతుంది. ఇనుము ఆపేస్తే ఈ కాలం రూపాయిని మీ చేతులతో మీరే వదిలేసినట్టు.

మన నాణేలను వెతికేవాడి కంటితో ఇలా విడగొట్టుకోండి.

వెండి: బ్రిటిష్ ఇండియా పాత రూపాయి, మన హైదరాబాద్ హాలీ సిక్కా వెండి రూపాయి. బరువు 11 గ్రాముల చుట్టూ ఉంటుంది. నంబర్ పైన, శబ్దం సన్నగా, స్పష్టంగా. వీటిని పట్టడం తేలిక, పక్కన మేకు లేకపోతే.

కంచు: 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చినప్పటి నయా పైసా. చిన్నదే గానీ శబ్దం బాగుంటుంది.

రాగి, నికెల్ కలిసిన కుప్రోనికెల్: 1975 నుంచి 1982 వరకు వచ్చిన పెద్ద రూపాయి. 28 మిల్లీమీటర్లు, 8 గ్రాములు. పైసల్లో కూడా ఈ లోహం ఉంది. ఇది మధ్యలో పడుతుంది, మందపాటి రేకులు, అల్యూమినియం ముక్కలు కూడా అక్కడే పడతాయి. తలనొప్పి అంటే ఇదే.

అల్యూమినియం: అమ్మానాన్నల చిన్నప్పటి అంచులు వంకర్లు తిరిగిన 10 పైసలు, ఆరు మూలల 20 పైసలు. చేతిలో పెట్టుకుంటే బరువే ఉండదు. వీటి నంబర్ కూడా చెత్త మధ్యలో కలిసిపోతుంది. 25 పైసలు, అంతకన్నా చిన్నవి 2011 జూన్ 30 తర్వాత చెల్లవు, కానీ మట్టిలో మాత్రం ఇంకా ఉన్నాయి.

స్టీలు: పైన చెప్పిన ఈ కాలం బిళ్ళలు.

పెద్దమ్మ చెప్పిన రెండు రూపాయలు గుర్తున్నాయా? ఒకటి వెండి, ఒకటి 1976 నాటి మామూలు రూపాయి, అంటే ఈ కుప్రోనికెల్ రకమే అయ్యుండాలి. ఒకటి తేలిక, ఒకటి కష్టం. ఈ మాట మనసులో పెట్టుకోండి.

అయితే ఏ మెషీన్ కొనాలి?

నేను ఇది కొనండి, అది కొనండి అని చెప్పను. ధరలు కూడా చెప్పను, రోజుకో తీరు ఉంటాయి. చెత్త నేల కోసం నాలుగు విషయాలు చూడండి.

ఒకటి, చిన్న కాయిల్ దొరుకుతుందా? ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఆరు అంగుళాల కాయిల్ తక్కువ నేలను చూస్తుంది కాబట్టి రూపాయినీ మేకునూ విడదీసి చెప్తుంది. లోతు కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి. చెత్తలో లోతు కన్నా వేరు చేయడమే పని. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800తో 11 అంగుళాల కాయిల్ వస్తుంది, ఆరు అంగుళాలది విడిగా కొనుక్కోవచ్చు. నోక్టా సింప్లెక్స్ ప్లస్‌తో కూడా 11 అంగుళాలదే వస్తుంది. కొనే మెషీన్‌కి చిన్నది మన దగ్గర దొరుకుతుందో లేదో ముందే అడగండి.

రెండు, ఒక జవాబు నుంచి ఇంకో జవాబుకి ఎంత త్వరగా తేరుకుంటుంది? దీన్ని రికవరీ స్పీడ్ అంటారు. ఈక్వినాక్స్ 800లో దీన్ని 1 నుంచి 8 వరకు మార్చుకోవచ్చు. ఎక్స్‌పీ డ్యూస్‌కి పేరు వచ్చింది కూడా ఈ వేగం వల్లే. మార్చుకునే వీలు ఉంటే చెత్తలో పెంచండి.

మూడు, ఫ్రీక్వెన్సీ. సింప్లెక్స్ ప్లస్ 12 కిలోహెర్ట్జ్ ఒక్కదాని మీదే నడుస్తుంది. మైన్‌ల్యాబ్ వాంక్విష్, ఈక్వినాక్స్ లాంటివి ఒకేసారి కొన్ని ఫ్రీక్వెన్సీలు పంపుతాయి. తక్కువ ఫ్రీక్వెన్సీ పెద్ద వెండికి మంచిది, ఎక్కువ ఫ్రీక్వెన్సీ చిన్న, పల్చటి వాటికి మంచిది. మన చిల్లరలో అన్ని రకాలూ ఉన్నాయి కాబట్టి, డబ్బు సరిపోతే మల్టీ ఫ్రీక్వెన్సీ మేలు. లేకపోతే సింగిల్‌తో కూడా పని అవుతుంది, కాస్త ఓపిక కావాలి అంతే.

నాలుగు, పల్స్ ఇండక్షన్ మెషీన్ వద్దు. అవి లోతుకి, ఉప్పు ఇసుకకి, ఖనిజం ఎక్కువున్న నేలకి బాగుంటాయి. ఇనుమును వేరు చేయడంలో మాత్రం చాలా బలహీనం. కూల్చిన ఇంటి మట్టిలో అది తీసుకుపోతే మీరు మేకుల కొట్టు పెట్టుకోవాల్సిందే.

ఇంకో మాట. "కిలోమీటరు దూరం నుంచి బంగారం చూపిస్తుంది" అని రెండు కడ్డీలు ఉన్న పరికరాన్ని లక్షలకు అమ్మేవాళ్ళు ఉన్నారు. వాటి జోలికి వెళ్ళకండి. అలాంటి ఉత్త డబ్బాలనే ఏడీఈ 651 పేరుతో, బాంబులు పట్టే యంత్రాలని ఇరాక్‌కి అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కి 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ళ జైలు వేసింది. లోపల పని చేసేది ఏమీ లేదు. దాన్ని నమ్మి చెక్‌పోస్టుల దగ్గర నిలబడ్డ మనుషుల ప్రాణాలు మాత్రం నిజం.

కొనేముందు పది నిమిషాల పరీక్ష

షాపులో గానీ ఫ్రెండ్ దగ్గర గానీ ఇది చేసి చూడండి. ఒక ప్లాస్టిక్ స్టూల్ తీసుకోండి. నేల మీద చేయకండి, మన బిల్డింగుల స్లాబులో ఇనుప చువ్వలు ఉంటాయి, మెషీన్‌కి పిచ్చెక్కుతుంది. స్టూల్ మీద ఒక పాత నాణెం పెట్టి తిప్పండి, శబ్దం గుర్తుపెట్టుకోండి. తర్వాత దాని పక్కన నాలుగు వేళ్ళ దూరంలో ఒక మేకు పెట్టండి. మళ్ళీ తిప్పండి. మేకును దగ్గరికి జరుపుతూ పోండి. ఎంత దగ్గర వరకు నాణెం శబ్దం బతికి ఉందో చూడండి. స్టూల్‌ని పక్కకు తిప్పి ఇంకో దిక్కు నుంచి కూడా చేయండి. రెండు మెషీన్లకు ఇదే పరీక్ష చేస్తే డబ్బా మీద రాతలు చదవక్కర్లేదు.

అలాగే ఇప్పటి రూపాయి, ఐదు రూపాయలు, ఇంట్లో ఉన్న పాత పైసలు, ఒక మాత్రల షీటు, ఒక సీసా మూత ఒక్కొక్కటిగా పెట్టి నంబర్లు రాసుకోండి. వేరేవాళ్ళ నంబర్లు పనికిరావు. ఈక్వినాక్స్‌లో నంబర్లు మైనస్ 9 నుంచి 40 దాకా, సింప్లెక్స్‌లో 99 దాకా. మీ మెషీన్, మీ చిల్లర, మీ లిస్టు.

ఆదివారం ఏం మార్చాను?

పంజాగుట్టలో ఉండే ఒక ఫ్రెండ్ దగ్గర నా మెషీన్‌కి సరిపోయే ఆరు అంగుళాల కాయిల్ ఉంది. పొద్దున్నే పోయి తెచ్చుకున్నా.

మొదట చేతులతో పని. ఒక తాడుకి పెద్ద మాగ్నెట్ కట్టి గడప ఉన్న చోటంతా లాగినా. పైన ఉన్న మేకులు, వైర్లు సగం దానికే వచ్చేశాయి. తర్వాత పెద్దమ్మని కుర్చీ వేసి కూర్చోబెట్టి, దర్వాజ ఎక్కడ ఉండేదో మళ్ళీ అడిగినా. "తులసికోట కెళ్ళి చూస్తే సీదా" అంది. శనివారం నేను వెతికింది రెండడుగులు పక్కన! మనిషిని సరిగ్గా అడగడం కూడా సెట్టింగే ఫ్రెండ్స్.

తాడుతో మీటరు, రెండు మీటర్ల గడి కట్టినా. మెషీన్‌లో ఇనుము ఆపడం తీసేసినా. అన్నీ వినిపించేలా పెట్టి, ఇనుముకు మాత్రం గుర్రుమనే లావు శబ్దం పెట్టుకున్నా. సెన్సిటివిటీ తగ్గించినా, ఎందుకంటే పైన కరెంటు తీగలు, అవతల మెట్రో. మెట్రో నడిచేదే 25 వేల వోల్టుల మీద. అమీర్‌పేటలో మెషీన్ ఊరికే చిటపటలాడుతుంది. నాయిస్ క్యాన్సిల్ బటన్ ఉంటే ముందు అది నొక్కండి.

తర్వాత మెల్లగా, చాలా మెల్లగా. కాయిల్‌ని నేలకు దగ్గరగా, ఒక అడుగు వెడల్పు తిప్పడానికి ఒక సెకను పైనే తీసుకున్నా. గుర్రు, గుర్రు, గుర్రు. మధ్యలో ఎక్కడైనా సన్నగా "టిక్" అని వస్తే అక్కడ ఆగాలి. 90 డిగ్రీలు పక్కకు జరిగి అదే చోటును ఇంకో దిక్కు నుంచి తిప్పాలి. మేకు అయితే దిక్కు మారగానే ఆ సన్న శబ్దం చాలాసార్లు మాయమవుతుంది, లేదా పక్కకు జరుగుతుంది. గుండ్రటి నాణెం అయితే అదే చోట నిలబడుతుంది.

పదకొండు గంటలప్పుడు ఒక చోట అలా నిలబడింది. చిన్న పిన్‌పాయింటర్‌తో, అంటే చేతి టార్చిలా ఉండే బుల్లి డిటెక్టర్‌తో చోటు పట్టుకుని, ఖుర్పీతో కాస్త కాస్త మట్టి తీసినా. ఒక తుప్పు పట్టిన చువ్వ ముక్క, దాని పక్కనే నల్లబడ్డ బిళ్ళ. తుడవలేదు, రుద్దలేదు, పాత నాణేన్ని రుద్దితే గీతలు పడతాయి. నీళ్ళు పోసినా అంతే. చార్మినార్ కనిపించింది. మధ్య కమాను లోపల ఉస్మాన్ అలీఖాన్ పేరుకి గుర్తుగా ఉండే ఐన్ అక్షరం కూడా. పెద్దమ్మ చేతిలో పెడితే ఏం మాట్లాడలేదు. కొంగు అంచులో ముడి వేసుకుంది.

రెండో రూపాయి కోసం చీకటి పడే దాకా వెతికినా. మధ్య నంబర్లు వచ్చిన ప్రతి చోటా తవ్వినా. రేకులు, మూతలు, ఒక తాళంచెవి. రూపాయి మాత్రం రాలేదు. జేసీబీ తీసుకుపోయిన మట్టిలో ఉండొచ్చు. నా కాయిల్ కిందే ఉండి నేను రేకు అనుకుని వదిలేసి ఉండొచ్చు. అందుకే చెప్తున్నా, చెత్త నేలలో మధ్య నంబర్లను వదలడం అంటే జూదం. టైం ఉంటే అన్నీ తవ్వండి.

ఎక్కడ వెతకొచ్చు, ఎక్కడ వద్దు?

ఇది దయచేసి స్కిప్ చేయకండి. స్థలం యజమాని ఒప్పుకున్న చోటే వెతకండి. రోడ్డు పక్కన, పార్కుల్లో, గుళ్ళలో, దర్గాల్లో, శ్మశానాల్లో తవ్వకండి. మన పక్కనే ఎర్రమంజిల్ ప్యాలెస్ ఉంది, దాన్ని కూల్చాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. అలాంటి పాత కట్టడాల దగ్గరికి మెషీన్ తీసుకెళ్ళడమే తప్పు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం కూడా ఉంది. నేలలో దాచిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి చెప్పాలి. చెప్పకపోతే జైలు దాకా పోవచ్చు. కుండలో నాణేల మూట లాంటిది కనిపిస్తే ఇక తవ్వకండి, అక్కడే ఆపి అధికారులకి చెప్పండి. ఒక నాణెం ఎక్కడ, ఏ పొరలో, దేని పక్కన దొరికిందో అదే దాని చరిత్ర. మనం లాగేస్తే అది పోతుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. మందపాటి గ్లవ్స్ వేసుకోండి, మన మట్టిలో గాజు ముక్కలు, సూదులు కూడా ఉంటాయి. నేలలో కరెంటు కేబుల్ ఉందేమో ముందు అడగండి. తవ్విన గుంత పూడ్చండి, తీసిన చెత్త వెనక్కి పడేయకండి. నేను ఆ రోజు ఒక బకెట్ ఇనుము తీసి పాత సామాన్ల అతనికి ఇచ్చేసినా.

సోమవారం కాంక్రీట్ పడింది. "రెండోది దొరకలేదు పెద్దమ్మా, సారీ" అన్నా. "ఒకటి దొరికింది గదా బిడ్డా. నా చేతి రూపాయి ఈ భూమికే ఉండనీ, మళ్ళ ఇల్లు లేస్తుంది గదా దాని మీద" అంది.

మీ ఇంట్లో పాత గడప ఉంటే, కూల్చకముందే దాని కింద ఏం పెట్టారో పెద్దవాళ్ళని ఒక్కసారి అడగండి. మెషీన్ తర్వాత. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.